పాముకు మ్యాచింగ్ గుడ్డ

ముందు వార్త చెప్పేస్తాను. దాచుకుని నెమ్మదిగా విప్పే ఓపిక ఈ పూట నాకు లేదు. నిన్న మధ్యాహ్నం నా వైవా అయిపోయింది. పెద్దలంతా నన్ను కాసేపు గది బయట నిలబెట్టి, మళ్లీ లోపలికి రమ్మని, నా పేరుకు ముందు డాక్టర్ అని చేర్చి పిలిచారు. ఇంకెవరినో పిలుస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. పీజీ కూడా నాతోనే మొదలు. ఇక ఈ డాక్టరు పట్టా సంగతైతే, అలాంటిదొకటి ఉంటుందని మావాళ్లకు నేను చెబితేనే తెలిసింది. సూదిమందు వేయని డాక్టరు ఎందుకని మా వీధిలో ఇప్పటికీ కొందరికి అనుమానమే. బస్సు ప్రొద్దుటూరు చేరేసరికి అంగళ్లు తెరుస్తున్నారు. ఇంటికి కూడా పోకుండా, మిఠాయి పొట్లం చేతపట్టుకుని నేరుగా బట్టల బజారులో మా నాయన పనిచేసే మ్యాచింగ్ సెంటరుకు పోయాను.

నాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఒకామె, ఆమె చేతిలో వంకాయరంగు చీర. నాయన రెండు చేతుల్లో రెండు జాకెట్టు గుడ్డలు. “ట్యూబులైటు మాట నమ్మొద్దమ్మా. ఈడికి రా, ఎండలో సూడు. ఇప్పుడు చెప్పు, ఏది కలుస్తాంది?” అంటున్నాడు. నన్ను చూసి ముఖమంతా నవ్వాడు గానీ బేరం మధ్యలో కదల్లేదు. లోపల స్టూలు మీద పులివెందుల పెద్దత్త కూర్చుని ఉంది. పెద్దత్త అంటే నాయనకు అక్క. నేను వస్తున్నానని తెలిసి మొదటి బస్సుకే దిగినట్టుంది. ఆమె కట్టుకున్న చీర చూడగానే నాకు అడుగు ముందుకు పడలేదు. ఆ పాత చీర. కావాలనే కట్టుకొచ్చింది. ఆ చీర కథ చెప్పాలంటే, నా పాముల కథ మొత్తం చెప్పాలి.

మ్యాచింగ్ సెంటరు అంటే తెలియని తెలుగు ఆడవాళ్లు ఉండరు గాని, మగవాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. అక్కడ చీరలు అమ్మరు. చీరకు సరిపోయే జాకెట్టు గుడ్డ, లంగా గుడ్డ, ఫాల్సు, ఇవే సరుకు. గోడల నిండా, నేల నుంచి పైకప్పు దాకా గుడ్డల తానులే. చిన్నప్పుడు బడి అయిపోయాక నేను ఆ తానుల కింద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. నాకు అక్షరాలకంటే ముందు రంగులు వచ్చాయి. చిలకపచ్చ, రామాగ్రీన్, మెహందీ, ఉల్లిపొర, నశ్యం, గంధం, రాణి, ఆనందా బ్లూ. ఒక్క పచ్చలోనే ఎన్ని పచ్చలున్నాయో చెప్పమంటే నాయన వేళ్లు మడవడం మొదలుపెట్టి మధ్యలో నవ్వేసి వదిలేసేవాడు. ఆయన యవ్వనం నుంచీ అక్కడే గుమాస్తా. ఆయనకు ఒకటే శాస్త్రం: రంగును లోపలి వెలుతురులో తేల్చకూడదు, గడప దాటించి ఆకాశం కింద చూడాలి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిదట, ఎండ మెరుపు మోసం చేయదట.

ఆయనకు ఇంకొక సరదా కూడా ఉండేది. వచ్చిన ఆడమనిషి ఏ రంగు అడిగిందో దాన్నిబట్టి ఊరు చెప్పేవాడు. జమ్మలమడుగు దిక్కువాళ్లకు ముదురు పచ్చలూ నీలాలూ కావాలట. పెద్దముడియం నుంచి వచ్చినవాళ్లు నల్లరేగడి మరక కనపడని రంగు వెతుకుతారట. పులివెందుల వైపువాళ్లకు పసుపులో ఇటుకపొడి కలిపినట్టుండే వేడి రంగులు ఇష్టమట. ఇందులో నిజమెంతో నాకు తెలియదు. ఒకసారి ఖాజీపేట ఆమెను పట్టుకుని, “కాదమ్మా, మీది పులివెందులే, రంగు చెప్తాంది గదా” అని వాదిస్తే ఆమె విసుగెత్తి ఆధార్ కార్డు తీసి ముందు పెట్టింది. నాయన దాన్ని వాకిట్లోకి తీసుకపోయి ఎండలో చదివి, “పుట్టిల్లు పులివెందుల అయ్యుంటాది” అన్నాడు. ఓడిపోవడం ఆయన జాతకంలో లేదు.

ఇలాంటి ఇంట్లో పుట్టినదాన్ని పీజీలో జంతుశాస్త్రం చదవడానికి పోయి, పాముల రంగుల మీద పడ్డానంటే వింతేముంది? పడమటి కనుమల్లో ఒక పాము ఉంది. రక్తపింజరికి చుట్టమే. కంటికీ ముక్కుకూ నడుమ చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటతో, దగ్గరికి వచ్చిన ఎలుక ఒంటి వేడిని అది పసిగడుతుంది. అందుకే ఇంగ్లీషులో దాన్ని పిట్ వైపర్ అంటారు. మన భాషలో అందరూ వాడే పేరు నాకు దొరకలేదు కాబట్టి ఇంట్లో కొండపింజరి అని చెప్పుకున్నాను. దాని గొప్పంతా రంగుల్లో ఉంది. ఒకే జాతి, ఒకే తలకాయ, ఒకే రకం పొలుసులు. కానీ ఒకటి పాచిలాగా పచ్చగా ఉంటుంది, ఒకటి ఎండుటాకులాగా గోధుమరంగులో, ఒకటి పసుపుగా, ఒకటి నారింజగా. వీపు మీది మచ్చలు కూడా అంతే. ఒకదానికి అడ్డపట్టీలు, ఇంకొకదానికి వంకరగీత, మరొకదానికి చెదిరిన చుక్కలు. మా అంగడి భాషలో చెప్పాలంటే అదే డిజైను, వేరే కలరు. ఒక్కో కొండవైపు ఒక్కో రంగు ఎక్కువ కనిపిస్తుందని పెద్దవాళ్లు రాశారు. పీజీలో నాకు గైడైన మేడం నన్ను ఒక చిన్న పని మీద పెట్టింది. ఒకే కొండ మీద, చిక్కటి అడవిలోని పైవాగు దగ్గరా, వక్కతోటల పక్కనున్న కిందివాగు దగ్గరా ఈ పాముల రంగుల్లో తేడా ఉందా అని చూడాలి. అనుమతి తీసుకుని, బూట్లు వేసుకుని, చేత్తో ముట్టకుండా, ఉన్నచోటే చూసి రాసుకోవడం.

ఈ పాములు వానాకాలంలోనే బాగా కనిపిస్తాయి. అందుకని ఇంట్లో ఒప్పందం జరిగింది. అమ్మ జమ్మలమడుగు ఆడపడుచు. మాట తక్కువ, మాటంటే మాటే. “ఒక్క వానాకాలమే పాపా. ఈ యాడాదితో నీ చదువు అయిపోవల్ల. అయిపోకుంటే ఇంకొక యాడాది పంపించే శక్తి ఈ ఇంటికి లేదు” అంది. అందులో కోపం లేదు, ఉన్న సంగతే. పక్కనే ఉన్న పెద్దత్త దానికి ముడి వేసింది. పులివెందులలో ఆమెకు తెలిసినవాళ్ల బడి ఒకటుంది, దసరా సెలవుల తర్వాత అక్కడ టీచరు కావాలి. నా పని పూర్తి కాకపోతే ఆ బడిలో చేరాలి. ఎండాకాలం తన చీనీతోటలో, అంటే బత్తాయితోటలో, మిగతా కాలం బడిలో పిల్లలతో, తన కళ్లముందు నేనుండాలని ఆమె కోరిక. మామ పోయాక ఆ తోటలో ఆమె ఒక్కతే. ఆ కోరికను ప్రేమగా చెప్పడం మాత్రం ఆమెకు చేతకాదు. “పాములు పట్టుకునేదానికి పట్టా యాలే? మా తోటలోకి రా, ఊరికే చూపిస్తా” అనేది.

పోయిన మొదటి రోజుల్లో అంతా పండగే. అంత వాన నేను పుట్టి పెరిగాక చూడలేదు. పైవాగు దగ్గర రాళ్ల మీద, చెట్ల మీద, చివరికి మా గుడారం తాళ్ల మీద కూడా పాచే. ఆ పాచిలో పచ్చటి పింజరి చుట్టచుట్టుకుని కూర్చుంటే, చూపు దాని మీద నిలిచిన తర్వాత కూడా కనపడేది కాదు. కిందివాగు దగ్గర ఎండిన వక్కమట్టల మీద గోధుమరంగువి. నాకు లెక్క తేలిపోయిందనుకున్నాను: పైన పచ్చ, కింద గోధుమ. ఇంత సుఖంగా సైన్సు చేయొచ్చా అని మురిసిపోతున్నప్పుడే, పైవాగు మీదికి వంగిన ఒక కొమ్మ మీద అది కనిపించింది. పచ్చ కాదు. గోధుమ కూడా కాదు. చెట్టు మీదే ముగ్గిపోయి, తొక్క ముడత పడిన చీనీకాయ రంగు.

మేడం వచ్చి చూసింది. ఆమె కోస్తా మనిషి, గొంతు పెంచకుండానే మనిషిని నిలబెట్టేస్తుంది. నా ఫోనులో దాని ఫోటో పసుపుగా వచ్చింది. నాతో వచ్చిన తోటి అమ్మాయి ఫోనులో నారింజ. మేడం ఫోనులో గోధుమరంగు. నేను గుడారంలో నీలం టార్పాలిన్ కింద కూర్చుని పుస్తకంలో రాసుకున్నది ఇంకొక రంగు. మేడం మూడు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, “ఏమ్మా, వీటిల్లో ఏది రాద్దాం?” అంది.

“నేను కళ్లతో చూశాను మేడం. అది చీనీకాయ రంగే.”

“నువ్వు చూశావు, నాకు నమ్మకమే. కానీ ఇక్కడ లేనివాళ్లకు నీ కళ్లు పంపించలేం కదా. ఈ ఒక్కటి పసుపో గోధుమో తేలకపోతే నీ పైన పచ్చ, కింద గోధుమ నిలబడదు. ఇదే కాదు, నువ్వు రాసిన రంగులన్నీ అనుమానమే. వానలు తగ్గేలోపు నమ్మదగిన దారి ఒకటి చూడు. లేకపోతే వచ్చే వానాకాలం మళ్లీ రావాలి.”

వచ్చే వానాకాలం నాకు లేదని ఆమెకు తెలియదు. రంగులు కొలిచే అచ్చు కార్డులు పెద్ద సంస్థల దగ్గర ఉంటాయి, మా దగ్గర లేవు. ఆ సాయంత్రం సిగ్నలు దొరికే బండరాయి ఎక్కి నాయనకు ఫోను చేశాను. ఆలోచించి చేసింది కాదు. రంగు తేలకపోతే ఎవరిని అడగాలో అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒక్క జవాబే తెలుసు.

“నాయనా, మన అంగట్లో ఉండే రంగులన్నిటికీ ఒక్కొక్క చిన్న ముక్క కత్తిరించి పంపించు. పచ్చలూ పసుపులూ గోధుమలూ ఏ ఒక్కటీ వదలొద్దు.”

“ఎవురికి పాపా? ఆడ ఎవురన్నా జాకెట్లు కుట్టించుకుంటాండారా?”

“పాముకు.”

ఆయన చాలా మెత్తగా, “అన్నం బాగా తింటాండావా?” అన్నాడు.

నేను విడమరచి చెప్పాను. పాము పక్కనే ఈ ముక్కల వరుసను పెట్టి ఫోటో తీస్తే, ఫోను ఎంత మోసం చేసినా పాముకూ గుడ్డకూ ఒకే మోసం చేస్తుంది. పాము ఏ ముక్కతో కలిసిందో అది మాత్రం మారదు. నాయనకు సగం మాటల్లోనే వెలిగింది. “అంటే మ్యాచింగే గదా! అట్ల చెప్పు!” అని అరిచాడు. ఆయన వెనక పెద్దత్త గొంతు వినపడింది. చీనీకాయల సంచితో అప్పుడే వచ్చినట్టుంది. “పాముకు జాకెట్టు కుట్టిస్తాదంటనా? కొలతలు ఎవురు తీసుకుంటారో అడుగు. చేతులు పెట్టించుకుంటాదా, స్లీవ్‌లెస్సా?”

వారం తిరక్కముందే పార్శిలు వచ్చింది. అంచులు రంపంపండ్లలా కత్తిరించిన టూ బై టూ రూబియా జాకెట్టు గుడ్డ ముక్కలు, అట్ట మీద లేతనుంచి ముదురుకు వరుసగా కుట్టి ఉన్నాయి. ఆ కుట్టు అమ్మది. కొత్త గుడ్డ వాసన ఆ తడి అడవిలో మా అంగడిని తెచ్చి పెట్టింది. నేను గర్వంగా దాన్ని పొడుగాటి కర్రకు కట్టుకుని వాగు దగ్గరికి పోయాను. అక్కడే మావాళ్లు మాత్రమే చేయగల పొరపాటు బయటపడింది. మా ఊళ్లో వానంటే మాట్లాడుకునే విషయం, తడిసే విషయం కాదు. గుడ్డంటే మా లెక్కలో పొడిగా ఉండేది. ఇంతమంది గుడ్డల్లో పుట్టి పెరిగినవాళ్లలో ఒక్కరికీ, నాకు కూడా, ఆ ముక్కలు తడుస్తాయన్న ఊహే రాలేదు. జల్లు పడింది. రాణి రంగు దిగింది. మెరూన్ దిగింది. చూస్తుండగానే గంధం గులాబీ అయింది, లేతపసుపు మీద ఎరుపు కాలువలు కట్టింది. అంత తక్కువ సేపట్లోనే అట్ట మొత్తం హోలీ ఆడింది. పాము మాత్రం కొమ్మ మీద కదలకుండా, తన రంగు తనది పెట్టుకుని చూస్తూ ఉంది. మేడం అట్టను చూసి మొదటిసారి పైకి నవ్వింది. “ఆలోచన బాగుంది. కానీ దీనికి గొడుగు పట్టేవాళ్లెవరు?” అని, నాలుగు రోజులు ఇంటికి పోయి రమ్మంది.

పోతే పాము అక్కడే ఉంటుందా అని కదా మీ అనుమానం. నాదీ అదే. ఈ పింజరికి తొందర ఉండదు. నచ్చిన కొమ్మ దొరికితే రోజుల తరబడి అక్కడే ఎరకోసం కూర్చుంటుంది. ఆ సోమరితనం మీద భారం వేసి బస్సెక్కాను.

ప్రొద్దుటూరులో పెన్నేరు పోయే దారిలో రంగుల చాచా ఇల్లుంది. అంగట్లో దొరకని రంగు కావాలంటే నాయన తెల్లగుడ్డ తీసుకుని ఆయన దగ్గరికి పోతాడు. పెరట్లో పొయ్యి, పొయ్యి మీద మసిబట్టిన గంగాళం, తీగల మీద రంగురంగుల గుడ్డలు. చాచా చేతిగోళ్లు ఏ వారం ఏ రంగు ఎక్కువ అమ్ముడుపోయిందో చెబుతాయి. నాయన తడిసిన అట్టను చూపించాడు. చాచా దాన్ని చూసి చెయ్యి నుదుటికి కొట్టుకున్నాడు.

“రాణిని గంధం పక్కన కుట్టినారా? నిప్పునూ పెట్రోలునూ ఒకే ఇంట్లో పెట్టినట్ల.”

“వాన గురించి యాద లేదు చాచా” అన్నాను.

“మనకు వాన గురించి యాద ఎట్లుంటాది బేటీ, వచ్చి శానా దినాలాయె” అని ఆయన పొయ్యి ఎగదోశాడు. “ఉప్పేసి ఉడికిస్తా. దిగేదంతా ఈ గంగాళంలోనే దిగిపోనీ. ఆమీద నీ పాము ఏట్లో ఈదినా ముక్క రంగు మారదు.”

ఆ పగలంతా పెరట్లో పని నడిచింది. ఉడికించడం, జాడించడం, నీడలో ఆరేయడం, తెల్లగుడ్డతో రుద్ది చూడడం. ఆరిన ముక్కను నాయన తడి లోపలికి పోకుండా చీరల మీద వేసే పల్చటి కవరులో పెట్టి అంచు కాల్చి అతికించేవాడు. పచ్చలన్నీ కుదిరాయి, గోధుమలూ కుదిరాయి. ఒక్క చీనీకాయ రంగు మాత్రం కుదరలేదు. నేను చెబుతాను, చాచా కలుపుతాడు, నాయన వాకిట్లోకి తీసుకపోతాడు. “ఇట్లనా?” “ఇంకా వేడిగా ఉండల్ల నాయనా.” “ఇది?” “ఇది ఇటుకైపోయింది.” “చీనీకాయ అంటాండావు, పులివెందుల తోటదా, ఈడ బండిమీదదా?” చివరికి చాచా గరిటె పక్కన పెట్టి, “బేటీ, నువ్వు చూసిన రంగు నీ కండ్లలో ఉంది. నేను చూడందే గంగాళంలోకి ఎట్ల దింపేది?” అన్నాడు. సాయంత్రం బస్సు. ఆ ఒక్క రంగు లేకపోతే మిగతా ముక్కలన్నీ ఉన్నా లేనట్టే.

అప్పుడే తడిక తోసుకుని పెద్దత్త వచ్చింది. నేను ఇంటికి వచ్చానని తెలిసి, బడివాళ్లతో మాట్లాడించడానికి నన్ను పులివెందులకు తీసుకపోదామని వచ్చింది. తడిక దగ్గర, వాలుతున్న ఎండలో నిలబడింది. నేను చేతిలో గుడ్డ వదిలేశాను.

“అత్తా, ఆడనే ఉండు. కదలొద్దు.”

“ఏందే? తేలా?” అంటూ ఆమె కుచ్చెళ్లు పైకి పట్టుకుంది.

“కాదు. నీ చీర. నా పాము ఆ రంగే. అచ్చం అదే.”

నాయన, చాచా ఇద్దరూ ఆమె చుట్టూ తిరిగి చూడడం మొదలుపెట్టారు. పెద్దత్త ముఖం మాడిపోయింది. “మ్మే, ఏం మాట్లాడుతాండావు? మా తోట మొదటి కాపు అమ్మినప్పుడు మీ మామ తెచ్చిన చీర ఇది. ఆయప్ప తెచ్చింది ఇదొక్కటే. దీన్ని పాముతో పోలుస్తావా?”

“అక్కా, రవంత ఎండలోకి తిరుగు” అన్నాడు నాయన, బేరానికి వచ్చిన మనిషితో అన్నట్టు.

“నువ్వు గమ్మునుండబ్బీ! ఆ పిల్లకు పిచ్చి పట్టింది, నీకు దాని తోక పట్టింది.”

చాచా ఆ చీరను చూస్తూ మళ్లీ కలిపాడు. దగ్గరికి వచ్చింది, కలవలేదు. ఇంకొకసారి కలిపాడు, అదీ అంతే. పొద్దు వాలుతోంది. చీరలోంచే ఒక ముక్క ఇమ్మని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పెద్దత్త అరుగు మీద కూర్చుని మా ముగ్గురి ముఖాలూ చూసింది. అట్టను ఒళ్లోకి తీసుకుని, కవర్లలో మెరుస్తున్న ముక్కల మీద వేలు నడిపించింది. చివర్లో ఖాళీగా ఉన్న చోట వేలు ఆగింది.

“ఈడ ముక్క పడితే నీ చదువు ఈ యాడాది అయిపోతాదా?”

“అయిపోతాదత్తా.”

“పడకుంటే?”

“నువ్వు చెప్పిన బడికే వస్తా.”

ఆమెకు కావలసింది అదే. ఊరికే కూర్చుంటే చాలు, నేను ఆమె దగ్గరికి వచ్చేస్తాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆమె లేచి, చాచా భార్యను పిలుచుకుని ఇంట్లోకి పోయింది. బయటికి వచ్చినప్పుడు నడుము దగ్గర లోపలికి దోపుకునే చీర చివరను పైకి తీసి పట్టుకుని ఉంది. “ఈ మూల లోపలే ఉంటాది, ఎవురికీ కనపడదు. కత్తిరీ. బిన్నా కత్తిరీ, మళ్లా నాకు మనసు మారుతాది.” నాయన కత్తెర అందుకున్నాడు. ఆయన అన్నేళ్లలో ఎన్ని తానులు కత్తిరించాడో గాని, ఆ ఒక్క మూల కత్తిరించడానికి కండ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు. నాయన ఆ ముక్కనూ కవరులో అతికించి నా చేతిలో పెట్టేటప్పుడు పెద్దత్త వేలు చూపించి చెప్పింది. “ఒకటి గుర్తుపెట్టుకో. నా చీర పాము రంగులో ఉందని యాడా రాయొద్దు. పామే నా చీర రంగులో ఉందని రాయి.”

నేను తిరిగి చేరుకునేసరికి వాన కాస్త తెరిపి ఇచ్చింది. ఆ కొమ్మ ఖాళీగా ఉంది. చుట్టుపక్కల కొమ్మలన్నీ వెతకడం మొదలుపెట్టాను. తోటి అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కిందకు చూపించింది. ఒక కొమ్మ దిగి, ఆకుల నీడలో, అదే చుట్టు, అదే నిర్లక్ష్యం. నేను అట్టను కర్రకు కట్టి, మబ్బు వెలుతురులో, నాయన వాకిట్లో నిలబడినట్టే నిలబడి మెల్లగా దాని పక్కకు చాచాను. పచ్చలు కలవలేదు. గోధుమలు కలవలేదు. ఇంకొంచెం జరిపాను. పెద్దత్త చీర ముక్క దాని పక్కకు వచ్చింది. చెబితే నమ్మాలి, ముక్క ఎక్కడ ముగిసిందో పాము ఎక్కడ మొదలైందో తెలియలేదు. వీపు మీది పట్టీలు చాచా ఉడికించిన నశ్యం రంగుతో కలిశాయి. మూడు ఫోన్లతో ఫోటోలు తీశాం. ఒకదాంట్లో పాము పసుపైతే చీరముక్కా పసుపే, ఒకదాంట్లో గోధుమైతే ముక్కా గోధుమే. రెండూ విడిపోలేదు. వాన మళ్లీ పడింది. ఒక్క ముక్క రంగు కూడా దిగలేదు.

తర్వాత వానలు తగ్గేదాకా రెండు వాగుల దగ్గరా కనిపించిన ప్రతి పామునూ ఆ అట్టతో మళ్లీ చూశాను. పైన పచ్చవి ఎక్కువే గాని, పచ్చవి మాత్రమే కాదు. నేను మురిసిపోయిన పైన పచ్చ, కింద గోధుమ లెక్క నిలబడలేదు. మేడం పేజీలు తిప్పి, “నీ లెక్క తప్పింది, నీ పని మాత్రం ఒప్పింది. తప్పిందని ఇంత గట్టిగా తేల్చగలిగావు, అదే కావాలి” అని సంతకం పెట్టింది. దసరాకు నేను పులివెందుల పోయింది బడిలో చేరడానికి కాదు, పెద్దత్తకు ఆ ఫోటో పెద్దది చేయించి ఇవ్వడానికి. ఆమె దాన్ని పైకి కిందికి తిప్పి చూసి, “దీని మూతి బాగలేదు గాని చీర మాత్రం బాగుండాది” అంది. మరుసటి రోజు నుంచి పులివెందులలో ఆ ఫోటో చూడని మనిషి లేడు. చీనీకాయలు కొనడానికి వచ్చిన లారీవాళ్లకు కూడా చూపించేదట. “మా మేనకోడలు కొండల్లో కనిపెట్టింది. నా చీర లేకుంటే దానికి దొరికేదే కాదు” అని. కనిపెట్టింది నేను కాదని, ఆ పాము సంగతి ఎప్పటి నుంచో శాస్త్రానికి తెలుసని చెప్పి చూశాను. “నువ్వు గమ్మునుండు, నీకేం తెలుసు” అంది.

అక్కడి నుంచి మొదలైంది ఈ డాక్టరు పట్టా దాకా వచ్చింది. మధ్యలో జమ్మలమడుగులో పాఠాలు చెప్పుకుంటూ, వానాకాలం వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొండ ఎక్కుతూ, ఆ అట్టను వెంట తీసుకుపోయాను. ఒక కొండ మీద ఆ పాము ఎక్కువగా పచ్చన, ఇంకొక కొండ మీద ఎక్కువగా ఎండుటాకు. నా సిద్ధాంత గ్రంథం చివరి అట్ట లోపల ఒక జేబు చేయించి అసలు ముక్కల వరుసను అందులోనే పెట్టాను. నిన్న వైవాలో ఒక పెద్దాయన దాన్ని బయటికి తీసి, “ఇవేమిటి?” అన్నాడు. “మా నాయన అంగడి సార్” అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఆయన లేచి, ముక్కలను కిటికీ దగ్గరికి, పగటి వెలుతురులోకి తీసుకుపోయాడు. అప్పుడే అనుకున్నాను, నేను గట్టెక్కానని.

ఇదంతా ఈరోజు అంగట్లో చెబుతుంటే బేరానికి వచ్చిన వంకాయరంగు చీరామె కూడా గుడ్డలు మరిచి స్టూలు లాక్కుని కూర్చుంది. నాయన ఆమెకూ మిఠాయి పెట్టి, “మా పాప. డాక్టరు. పాములకు మ్యాచింగు చూస్తాది” అన్నాడు. పెద్దత్త నా సంచిలోంచి పుస్తకం లాగి, జేబులోంచి అట్ట తీసి, తన ముక్క మీద వేలు పెట్టింది. “ఇదిగో, నాది” అని తన కొంగును పక్కన పెట్టింది. అందరం వంగి చూశాం. కలవలేదు. అట్ట మీది ముక్క అలాగే ఉంది, ముగ్గిన చీనీకాయ. కొంగు మాత్రం గంధం రంగుకు తిరిగిపోయింది.

“ట్యూబులైటు మోసం” అంటూ పెద్దత్త లేచి వాకిట్లోకి నడిచింది. నాయన వెనకే పోయాడు. ఎండలో పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

“ఏదబ్బీ నా చీర?” అంది ఆమె, గొంతు తగ్గించి.

“రెండూ నీవే అక్కా” అన్నాడు నాయన. “ఒకటి పాపతో కొండలెక్కింది. ఒకటి నీతో తోటలో ఎండకు తిరిగింది.”

ఆమె కొంగును భుజం నిండా కప్పుకుని, నా చేతిలోంచి ఇంకొక మిఠాయి తీసుకుంది. చోటు మారితే రంగు మారుతుందని పుస్తకం నిండా రాసి నేను డాక్టరునయ్యాను. మనిషి తన చోటు వదలకుండా ఉన్నా, కాలం అంతే ఓపికగా పక్కన కూర్చుని రంగు మారుస్తుందని మాత్రం అందులో ఎక్కడా రాయలేదు.